ఓడ పోగొట్టుకున్న వర్తకుడి కథ మన తెరకు ఎప్పుడొస్తుంది?

సంపాదకుడు గారికి నమస్కారాలు.

అయ్యా,

ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో తెలుగు చారిత్రక చిత్రాల మీద వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. మన గతం నుంచి తెరకెక్కవలసిన వారు ఇంకా ఎందరో మిగిలిపోయారని ఆ వ్యాసకర్త పడిన బాధ నాకూ ఉంది. అయితే ఆయన ఇచ్చిన పేర్లలో రాజులు, సేనానులు, తిరుగుబాటు నాయకులు తప్ప మరొకరు కనిపించలేదు. ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ విద్యార్థులకు వాణిజ్యశాస్త్రం చెప్పిన వాడిగా ఈ లోటు నన్ను కలవరపెట్టింది. ఊళ్ళకు ఊళ్ళను, రేవులను, బజార్లను నిలబెట్టిన వర్తకుడికి మన చారిత్రక సినిమాలో చోటెందుకు లేదన్న ప్రశ్నను మీ పాఠకుల ముందు ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

గత నెలలో హనుమకొండలోని మా ఇంట్లో ఇంటర్ చదువుతున్న మా మనవడితో కలిసి ఒక గ్రీకు చిత్రం చూశాను. 2012లో వచ్చిన ఆ సినిమా పేరు 'గాడ్ లవ్స్ కేవియర్'. దర్శకుడు యానిస్ స్మరాగ్డిస్. ప్రధాన పాత్రను జర్మన్ నటుడు సెబాస్టియన్ కోఖ్, రష్యా మహారాణి రెండవ కేథరిన్ పాత్రను ఫ్రెంచి నటి కేథరిన్ దెన్యూవ్ పోషించారు. ఇయోనిస్ వర్వాకిస్ అనే నిజమైన మనిషి జీవితం అది. ఏజియన్ సముద్రంలోని ప్సారా అనే చిన్న దీవిలో, తురుష్కుల ఏలుబడి కింద పుట్టి, చిన్ననాటనే ఓడ ఎక్కి, కొంతకాలం సముద్రపు దోపిడీల్లోనూ ఆరితేరి, చివరకు చేపగుడ్ల వ్యాపారంతో ఆ కాలపు సంపన్నుల్లో ఒకడైన వాడు.

ఆయన బతుకులో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టి నిలిపినది ఓడ పోవడం. 1768లో రష్యాకూ తురుష్క సామ్రాజ్యానికీ యుద్ధం మొదలైనప్పుడు గ్రీకులు రష్యా పక్షాన తిరగబడ్డారు. 1770 జులైలో చెష్మే దగ్గర జరిగిన నౌకాయుద్ధంలో తురుష్క నౌకాదళం దాదాపు మొత్తం కాలి బూడిదైంది. ఆ యుద్ధానికి వర్వాకిస్ తనకున్న ఓడను అగ్నినౌకగా అర్పించాడని చెబుతారు. అగ్నినౌక అంటే మండే పదార్థాలు నింపి, నిప్పంటించి, శత్రువుల ఓడల మధ్యకు వదిలిపెట్టే ఓడ. ఒక నావికుడు తన ఓడకు తానే నిప్పు పెట్టడం అంటే రైతు తన ఎడ్లను, తన నాగలిని చేతులారా పోగొట్టుకోవడం వంటిది. తీరా 1774లో రెండు సామ్రాజ్యాలూ సంధి చేసుకున్నాయి. రష్యాను నమ్మి తిరగబడ్డ గ్రీకులు మళ్ళీ తురుష్కుల ఏలుబడిలోనే మిగిలిపోయారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని మన పెద్దలు అన్నది ఇటువంటి సందర్భాల కోసమేననిపిస్తుంది. ఓడ లేదు, డబ్బు లేదు, సొంత దీవికి తిరిగిపోతే తల దక్కుతుందన్న నమ్మకం లేదు. అటువంటి స్థితిలో ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరి మహారాణికి తన గోడు వినిపించుకున్నాడు. ఆమె ఆయనకు కొంత సొమ్ముతో పాటు కాస్పియన్ సముద్రంలో పన్ను లేకుండా చేపలు పట్టుకునే హక్కు ఇచ్చింది. ఉప్పునీటి ఓడ నడిపిన మనిషి వోల్గా నది ముఖద్వారంలోని ఆస్ట్రఖాన్ నగరానికి వెళ్ళి, అక్కడ సున్నా నుంచి మొదలుపెట్టాడు.

ఇక్కడికి వచ్చేసరికి మా మనవడు సినిమా ఆపి, "తాతా, ఇంతకూ ఈయన చేసిన గొప్ప పని ఏంది? చేపగుడ్లు అమ్ముడేనా?" అని అడిగాడు. పిల్లవాడి ప్రశ్నలో తప్పు లేదు. వాడు చూసిన చారిత్రక చిత్రాలన్నిటిలో కథానాయకుడు కోటలు పట్టాడు, తలలు నరికాడు. సరుకు అమ్మిన వాడు ఒక్కడూ కథానాయకుడు కాలేదు. వాడికి జవాబు చెప్పడానికి నేను సినిమాను వదిలి మా బాపు దగ్గరకు వెళ్ళవలసి వచ్చింది.

మా బాపు, అంటే మా నాన్న, వరంగల్ పాత గ్రెయిన్ మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారం) దుకాణంలో గుమాస్తాగా పనిచేసేవారు. మిర్చి సీజన్‌లో నన్ను అప్పుడప్పుడు వెంట తీసుకుపోయేవారు. కొనుగోలుదారు బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి, అడుగున ఉన్న కాయల్ని పిడికెడు తీసి చెవి దగ్గర పెట్టి ఊపేవాడు. గింజ గలగలమంటే కాయ ఎండినట్టు. ఆ తర్వాత పిడికిలి బిగించి నలిపేవాడు. కాయ పెళపెళ విరిగితే ఒక ధర, మెత్తగా నలిగి మళ్ళీ విప్పుకుంటే తేమ ఉన్నట్టు, అప్పుడు మరొక ధర. రంగు వెలసిన తాలు కాయను పక్కకు వేసేవారు. తేమ ఉన్న సరుకును బస్తాకెత్తి దూరపు ఊరికి పంపితే దారిలోనే బూజు పట్టి, బండి దిగేసరికి పెంటకుప్పకు తప్ప పనికిరాదని మా బాపు చెప్పేవారు. నేటి వరంగల్ ఏనుమాముల మార్కెట్లో సరుకు ధర తేల్చే జెండా పాట వినడానికి వెళ్ళిన వారికి కూడా ఈ సంగతి తెలుసు. పండించడం ఒక ఎత్తు, చెడిపోకుండా అమ్మకందాకా నిలపడం మరొక ఎత్తు.

వర్వాకిస్ ముందున్న చిక్కు ఇదే, ఇంకా పెద్దది. స్టర్జన్ చేప కడుపులోని గుడ్లను వేరు చేసి, జల్లెడ మీద సున్నితంగా రుద్ది పొర తీసి, కడిగి, తగుమాత్రం ఉప్పు కలిపితే కేవియర్ అవుతుంది. ఉప్పు ఎక్కువైతే రుచి పోతుంది, తక్కువైతే సరుకే పోతుంది. గాలి తగిలినా, వేడి తగిలినా పాడవుతుంది. వోల్గా ఒడ్డున దాన్ని తినేవాళ్ళు ఎప్పటి నుంచో ఉన్నారు. కానీ మంచుగడ్డల యంత్రాలు లేని ఆ కాలంలో వందల కోసుల దూరం, నెలల తరబడి ప్రయాణంలో దాన్ని నిలిపి అమ్మేదెట్లా? లిండెన్ అనే చెట్టు చెక్కతో చేసిన పెట్టెల్లో నింపితే లోపలి తేమ బయటికి కారదు, చెక్క వాసన సరుకుకు అంటదు అని ఆయన కనిపెట్టాడని ఆయన గురించి రాసిన వారు చెబుతారు. ఒక పెట్టె, దాని చెక్క, దాని మూత బిగింపు. ఆ చిన్న ఉపాయం మీద అంత పెద్ద వ్యాపారం నిలిచింది. ఈ మాట చెప్పగానే మా మనవడు, "అంటే ఆయన కనిపెట్టింది పెట్టె అన్నమాట" అన్నాడు. నేను తరగతి గదిలో ఏళ్ళ తరబడి చెప్పిన పాఠాన్ని వాడు ఒక్క మాటలో పట్టుకున్నాడు.

సినిమా మీద నా అభ్యంతరం కూడా ఇక్కడే ఉంది. మహారాణి దర్బారు మీద, సముద్రపు యుద్ధం మీద, నాయకుడి అంతరంగ వేదన మీద దర్శకుడికి ఉన్నంత మక్కువ ఆ పెట్టె మీద, ఆ జల్లెడ మీద, ఆ ఉప్పు చేతుల మీద లేదనిపించింది. ఒక వర్తకుడి జీవితం తీస్తూ వర్తకాన్ని తొందరగా దాటేయడం నాకు రుచించలేదు. మరొకటి కూడా చెప్పాలి. ఆస్ట్రఖాన్‌లో ఆ చేపలు పట్టినవారు, ఆ గుడ్లు కడిగినవారు, ఆ పెట్టెలు చేసినవారు ఎవరు? రష్యాలో భూదాస్య వ్యవస్థ రద్దయినది 1861లో, అంటే వర్వాకిస్ చనిపోయిన ముప్పై ఆరేళ్ళకు. ఆయన సంపద వెనుక పన్ను లేని హక్కు అనే రాజానుగ్రహం ఉంది, నీళ్ళలో నానిన ఎన్నో చేతుల కష్టం ఉంది. ఈ రెండూ చూపినందువల్ల ఆయన ఔన్నత్యం తగ్గదు. ఆయన్ని కేవలం పుణ్యపురుషుడిగా చూపితేనే నమ్మకం సన్నగిల్లుతుంది. మన మార్కెట్ల కథ ఎవరైనా తీస్తే హమాలీని, తూకం వేసే దడ్వాయిని, కాయ ఏరే ఆడకూలీని వెనుక వరుసలో నిలబెట్టి పంపేయవద్దని నా మనవి.

ఆయన సంపాదించినది ఏం చేశాడన్నది నిజంగా ఘనమైన సంగతే. ఆస్ట్రఖాన్ నగరం మధ్య నుంచి ఒక కాలువ తవ్వించడానికి తన సొమ్ము ఇచ్చాడు. చాలాకాలం ఆ కాలువను ఆయన పేరుతోనే పిలిచారు. తర్వాత అజోవ్ సముద్రపు ఒడ్డున ఉన్న టాగన్‌రోగ్‌కు మారి అక్కడ గ్రీకు మఠం కట్టించాడు. 1814లో ఒడెస్సాలో గ్రీకు వర్తకులే గ్రీకు విముక్తి కోసం ఒక రహస్య సంఘం పెట్టారు. 1821లో తిరుగుబాటు మొదలైనప్పుడు వర్వాకిస్ దానికి ధారాళంగా డబ్బు పంపాడు. 1824లో తురుష్క సేన ఆయన పుట్టిన ప్సారా దీవిని నేలమట్టం చేసింది. అప్పటికే ముదుసలి అయిన ఆయన గ్రీసుకు తిరిగి వచ్చి, 1825 జనవరిలో, అప్పుడు ఆంగ్లేయుల అధీనంలో ఉన్న జాకింథోస్ దీవిలో కన్నుమూశాడు. ఆయన వదిలి వెళ్ళిన ధనంతో ఏథెన్స్‌లో బడి వెలిసింది. 1880లో ఆ బడి దగ్గరే ప్రాచీన ఎథీనా దేవత పాలరాతి ప్రతిమ దొరికితే దానికీ ఆయన పేరే వచ్చింది. నేటికీ ఏథెన్స్ నడిబొడ్డున చేపలు, మాంసం అమ్మే పెద్ద మార్కెట్ ఆయన పేరు మీదనే ఉంది. చేపగుడ్లు అమ్మి బాగుపడ్డ మనిషి పేరు చేపల మార్కెట్ మీద నిలవడం నా మట్టుకు నాకు ఏ శిలావిగ్రహం కంటే ఎక్కువ అనిపించింది.

ఇప్పుడు మన దగ్గరకు వస్తాను. ఇటువంటి కథ మనకు లేదా అని ఎవరైనా అడిగితే, ఓరుగల్లులో నిలబడి లేదనడానికి నాకు నోరు రాదు. క్రీ.శ. 1244-45లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఉంది. ఆ ఊరు నేటి బాపట్ల జిల్లాలో ఉంది, శాసనం అక్కడి వీరభద్రస్వామి గుడిలో ఉంది. అందులోని విషయం క్లుప్తంగా ఇది. ఒక దేశం నుంచి మరొక దేశానికి సరుకుతో బయలుదేరిన ఓడ తుఫానుకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకువస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవన్నీ పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారు. ప్రాణం కంటే ధనమే మిన్న అన్నట్టుగా సముద్రయానమనే సాహసానికి పూనుకున్న వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నియమిత సుంకం తప్ప మిగిలినదంతా వారికే విడిచిపెడుతున్నామని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఎగుమతుల మీద, దిగుమతుల మీద సుంకం ముప్పైలో ఒక వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, పోకలు, ఒక్కొక్క సరుకు పేరూ రాసి మరీ లెక్క చెప్పారు. గుమాస్తా కొడుకుగా ఆ శాసనంలోని సరుకుల జాబితా చదివినప్పుడు మా బాపు చిట్టా పుస్తకం తెరిచినట్టే అనిపించింది.

ఓడ పోగొట్టుకున్న వర్వాకిస్‌ను ఆదుకున్నది ఒక మహారాణి ఒక మనిషికి చూపిన అనుగ్రహం. అది ఆయనకు దక్కింది, చెష్మేలో ఆయన పక్కన నిలబడ్డ మిగతా గ్రీకు నావికులందరికీ దక్కలేదు. మోటుపల్లి శాసనం అటువంటిది కాదు. ఏ దేశం వాడైనా, ఏ భాష వాడైనా, ముఖ పరిచయం లేని వాడైనా, ఓడ పగిలి మన ఒడ్డున పడితే వాడి సరుకు వాడిదేనని రాతి మీద చెక్కించిన కట్టుబాటు అది. అందులోనూ వర్వాకిస్ కాలానికి ఐదు వందల ఏళ్ళ ముందు. సముద్రం కంటికి కనిపించని ఓరుగల్లులో కూర్చుని ఈ మాట ఇచ్చిన రాజుకు రేవుల మీద, రాబడి మీద ఎంత అవగాహన ఉండి ఉండాలి! ఆ తర్వాత ఆ రేవును చేజిక్కించుకున్న రెడ్డి రాజు అనవోతారెడ్డి కూడా 1358లో మోటుపల్లి వర్తకుల కోసం శాసనం వేయించి, సంస్కృతం, తెలుగు, తమిళం మూడు భాషల్లో చెక్కించాడు. వచ్చే వర్తకుడికి అర్థమయ్యే భాషలో చెప్పాలన్న ఆ ఆలోచన నేటి ప్రభుత్వ కార్యాలయాలు కూడా గమనించదగ్గది.

13వ శతాబ్దం చివరలో ఈ తీరానికి వచ్చిన మార్కో పోలో తన యాత్రా వృత్తాంతంలో ఇక్కడి రాజ్యాన్ని ఆ రేవు పేరుతోనే చెప్పాడు. ఇక్కడి వజ్రాల గురించి, సాలెగూడు దారాల్లా ఉండే సన్నని బట్టల గురించి రాశాడు. రుద్రమదేవి పరిపాలనను మెచ్చుకున్నాడు. మన సినిమాల్లో రుద్రమ గుర్రం ఎక్కుతుంది, కత్తి తిప్పుతుంది. అది చూడటానికి నాకూ ఆనందమే. కానీ ఆమె ఏలిన రేవులో ఆ సన్నని బట్ట మడతలు విప్పి బేరమాడిన వర్తకుడు, దాన్ని నేసిన సాలె, దాన్ని ఓడకెక్కించిన కూలీ ఒక్క సన్నివేశంలోనైనా కనిపిస్తారా అని వెతుక్కుంటాను.

మన సాహిత్యానికి ఈ కళ్ళు లేకపోలేదు. 'క్రీడాభిరామం' అనే పాత తెలుగు కావ్యం చదివిన వారికి తెలుసు, మంచనశర్మతో కలిసి ఓరుగల్లు వీధులన్నీ తిరిగేది టిట్టిభసెట్టి అనే వర్తకుడు. రూకకు పూటకూటి ఇంట్లో దొరికే భోజనం దగ్గర నుంచి మట్టెవాడ సందడి దాకా ఆ నగరం మన కంటికి కనిపించేది వాళ్ళిద్దరి నడక వల్లనే. సినిమాకు వచ్చేసరికి ఆ వర్తకుడే వడ్డీకి పీడించేవాడో, బియ్యంలో రాళ్ళు కలిపేవాడో, లేదా పొట్ట ఊపుతూ నవ్వించేవాడో అయిపోయాడు. అటువంటి వాళ్ళు లేరని నేననను. వ్యవసాయ మార్కెట్ల చుట్టూ పెరిగిన వాడికి తూకంలో మోసం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ అప్పు ఇచ్చి, పంట నష్టపోతే మరుసటి ఏడు దాకా ఆగిన వాళ్ళను కూడా నేను చూశాను. ఇద్దరినీ ఒకే కథలో పెట్టగల రచయిత మనకు ఎందుకు దొరకడు?

మోటుపల్లి శాసనం కథ తీయడానికి వందల కోట్లు అక్కర్లేదని నా నమ్మకం. పగిలిన ఓడ ఒక్కటి చాలు. తుఫాను మర్నాడు పొద్దున ఒడ్డున పడి ఉన్న ఒక విదేశీ వర్తకుడు, తడిసిన సరుకు చుట్టూ మూగిన జనం, పాత అలవాటు ప్రకారం సరుకంతా పట్టుకుపోదామని వచ్చిన సుంకరి, కొత్త శాసనం వచ్చిందని చెప్పే కరణం. ఆ సుంకరి చెయ్యి ఆ సరుకు మూట మీద పడి ఆగిపోయే క్షణం చాలు, ఏ యుద్ధ సన్నివేశానికీ తీసిపోదు. ఆ వర్తకుడు ముప్పైలో ఒక వంతు లెక్కకట్టి ఇచ్చి, మిగిలిన దానితో మళ్ళీ ఎలా నిలదొక్కుకున్నాడన్నది మిగతా కథ. ఓడలు బండ్లు, బండ్లు ఓడలు అవుతాయన్న మన సామెతకు ఇంతకంటే పెద్ద తెర ఎక్కడ దొరుకుతుంది?

మీ పత్రికకు నావి రెండు విన్నపాలు. ఆ అభయశాసనం పూర్తి పాఠాన్ని, ఇంటర్ పిల్లలకు అర్థమయ్యే తేట తెలుగులో, సరుకుల జాబితాతో సహా, ఒక ఆదివారం అనుబంధంలో ప్రచురించండి. వరంగల్ కోట చూడటానికి వచ్చే వారిలో ఎక్కువమంది రాతి తోరణాల ముందు ఫొటో దిగి వెళ్ళిపోతున్నారు. ఆ తోరణాల నుంచి పోయిన మాట ఎంత దూరపు ఒడ్డున వినిపించిందో వారికీ తెలియాలి. రెండవది, చారిత్రక చిత్రాల మీద మీరు మళ్ళీ వ్యాసం వేసినప్పుడు దర్శకులతో పాటు చరిత్ర అధ్యాపకులను, ఏనుమాముల మార్కెట్లో తరతరాలుగా అడ్తి నడుపుతున్న వారిని, హమాలీ సంఘాల పెద్దలను కూడా ప్రశ్నించండి. సరుకు గురించి వాళ్ళు చెప్పే సంగతులు ఏ కథారచయితా కూర్చుని ఊహించగలిగేవి కావు.

మా బాపు రాసిన చిట్టా, ఖాతా పుస్తకాలు, ఎర్రబట్ట అట్టలవి, పదకొండు మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి. బస్తాల లెక్క, బండి కిరాయి, హమాలీ కూలి, తేమ కింద తగ్గించిన తూకం అన్నీ వాటిలో ఉన్నాయి. కొన్ని పేజీలకు ఇప్పటికీ మిర్చి ఘాటు పోలేదు. వర్తకుడి కథ తీయాలనుకునే దర్శకుడు గానీ, రాయాలనుకునే రచయిత గానీ ఉంటే మీ కార్యాలయం ద్వారా కబురు పెట్టమనండి. ఎన్ని రోజులైనా కూర్చుని చూసుకోవచ్చు. ఆ దస్తూరీ చదివి చెప్పడానికి నేను ఉన్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత వాణిజ్యశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ.